నవలకు పాఠకుడి జవాబు: వేసవి పఠన కృత్యాలు - ఒక విమర్శ

ప్రస్తావన

పదో తరగతి తెలుగు వాచకాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. పాఠం అయిపోగానే 'అవగాహన - ప్రతిస్పందన', ఆ తరవాత 'వ్యక్తీకరణ - సృజనాత్మకత', చివర 'ప్రాజెక్టు పని' అనే శీర్షికలు ఉండేవి. పాఠంలోని సంఘటనను సంభాషణగా మార్చండి, మిత్రునికి లేఖ రాయండి, ఆ పాత్ర స్థానంలో మీరుంటే ఏం చేస్తారో రాయండి అని అడిగేవారు. ఆ జవాబులు చాలామంది గైడు చూసి రాసినవే. సొంతంగా ఊహించి రాయవలసిన లేఖ కూడా తరగతిలో అందరి నోటుపుస్తకాల్లో ఒకే వాక్యాలతో కనిపించేది. ఇందులో విద్యార్థుల తప్పు కొంతే. పాఠం చదవకపోయినా జవాబు రాయడానికి వీలిచ్చే ప్రశ్న అది.

డిగ్రీ స్థాయిలో నవలను పాఠ్యాంశంగా చదివేటప్పుడు ఇలాంటి కృత్యాలు మళ్ళీ ఎదురవుతాయి. మీలో ట్యూషన్లు చెప్పేవారు, విద్యా వలంటీర్లుగా పనిచేసినవారు ఉంటే, సెలవుల్లో పిల్లల చేత ఒక పుస్తకం చదివించే పని కూడా మీ మీద పడుతుంది. నవల చదివి ఉత్తరం రాయడం, పటం గీయడం, ముగింపు మార్చడం వంటి పనులను విమర్శకు బదులుగా చేసే కాలక్షేపం అని కొందరు తోసిపుచ్చుతారు. విద్యార్థిలోని సృజన శక్తికి అవే నిదర్శనమని మరికొందరు మెచ్చుకుంటారు. ఈ రెండు మాటలూ తొందరపాటువే. కృత్యం మనల్ని నవల పేజీల్లోకి తిరిగి పంపితే అది విమర్శే. నవలను పక్కన పెట్టి రాసుకోనిస్తే, ఎంత అందంగా ఉన్నా, అది నవలకు సంబంధించినది కాదు. ఈ భాగంలో ఈ తేడాను 'బారిష్టర్ పార్వతీశం', 'మాలపల్లి' నవలల ఆధారంగా పరిశీలిద్దాం. చదివే పాఠకుణ్ణి మాత్రం అయిజలో కూర్చోబెడదాం.

అయిజ జోగులాంబ గద్వాల జిల్లాలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న పట్టణం. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్నందువల్ల ఈ నేలను నడిగడ్డ అంటారు. పత్తి విత్తనాల సాగుకు పేరున్న ప్రాంతం ఇది. చేలల్లో క్రాసింగ్ పని మొదలైతే బడి పిల్లలు సైతం పూల మధ్యే గడిపిన ఏళ్ళున్నాయి. ఇక్కడ దూరవిద్యలో చదివేవారికి పుస్తకం పట్టుకునే తీరిక దొరికితే గిరితే ఎండాకాలంలోనే దొరుకుతుంది, అదీ పనికి వలస పోనివాళ్ళకు. ఆ వేసవి మొత్తానికి ఒక్క నవలే చదవగలిగితే దాన్ని ఎలా చదవాలి అన్నది వీరికి చిన్న ప్రశ్న కాదు.

ఇటిక్యాలపాడు పాఠకుడు

ఈ విషయంలో మనకు పూర్వుడు ఒకాయన ఇదే జిల్లాలో ఉన్నాడు. సురవరం ప్రతాపరెడ్డి (1896-1953) స్వగ్రామం ఇటిక్యాలపాడు. ఆయనను గోలకొండ పత్రిక సంపాదకుడిగా, పరిశోధకుడిగా మీరు ఇంతకుముందే చదివి ఉంటారు. ఇక్కడ ఆయనను ఒక పాఠకుడిగా చూద్దాం. తెలంగాణలో కవులే లేరన్న అర్థం వచ్చే మాట ఒకటి అచ్చులో కనబడినప్పుడు ఆయన ఖండనతో సరిపెట్టుకోలేదు. 354 మంది కవుల రచనలు, వివరాలు సేకరించి 1934లో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించారు. చదివిన ఒక వాక్యానికి ఒక గ్రంథం జవాబయింది.

అంతకన్నా మనకు పనికివచ్చేది 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949). కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తెలుగుకు ఇచ్చిన మొదటి పురస్కారం ఈ గ్రంథానిదే. ప్రతాపరెడ్డి ఇందులో చేసిన పనిని ఈనాటి భాషలో చెప్పాలంటే ఒక పెద్ద పఠన కృత్యం. క్రీడాభిరామం, హంసవింశతి, శుకసప్తతి వంటి కావ్యాలను దగ్గర పెట్టుకుని జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలు ఆడారు, వేటిని నమ్మారు, ఏం అమ్మి ఏం కొన్నారు అని వెతికారు. శాసనాలు రాజుల దానాలను, యుద్ధాలను చెబుతాయి. వీధిలో నడిచే మనిషి గురించి తెలుసుకోవాలంటే కావ్యాలను తిరగేయక తప్పదని ఆయన గ్రహించారు. పండితులు శృంగారమనో అలంకారమనో చదివి వదిలేసిన పద్యంలో ఆయనకు ఒక అంగడి కనిపించింది.

పిల్లలకు వేసవిలో ఇచ్చే 'నవలలోని వస్తువుల జాబితా తయారు చేయండి' అన్న కృత్యం వినడానికి చాలా తేలికగా ఉంటుంది. ప్రతాపరెడ్డి దారిలో చేస్తే అది తేలిక కాదు. ఉదాహరణకు ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' తీసుకోండి. కూలి గింజల్లో ఇవ్వడమా, డబ్బుల్లో ఇవ్వడమా అన్న తగవు ఆ నవలలో పెద్ద విషయం. నవలలో కూలి ప్రస్తావన వచ్చిన ప్రతి చోటునూ గుర్తు పెట్టండి. ఎవరు అడిగారు, ఎవరు కొలిచారు, ఏ కొలతతో కొలిచారు, ధాన్యం ధర పెరిగినప్పుడు ఏ పద్ధతి ఎవరికి లాభం అన్నవి రాసుకోండి. తరవాత మీ ఇంట్లో అవ్వనో తాతనో అడగండి: వాళ్ళ చిన్నతనంలో కూలి అడ్డెడు, మానెడు లెక్కన ఇచ్చేవారా, రూపాయల్లో ఇచ్చేవారా, ఎప్పుడు మారింది, మారినప్పుడు ఊళ్ళో ఏమనుకున్నారు? గుంటూరు ప్రాంతపు నవల ఒకటి అయిజలోని ఒక అరుగు మీదికి వస్తుంది. వచ్చాక నవలలో మీకు అంతకుముందు ఉపన్యాసంగా అనిపించిన పేజీలు కడుపుకు సంబంధించిన లెక్కలుగా కనిపించవచ్చు. ఒక పేజీ గురించి మీ అభిప్రాయం మారిందంటే విమర్శ మొదలైందన్న మాటే.

అయితే ఈ పద్ధతికి ఒక లోటు ఉంది. హంసవింశతిలో వృత్తుల పేర్లు, వస్తువుల పేర్లు వరసకట్టి వచ్చే చోట కవి మాటలతో ఆడుకుంటున్నాడు కూడా. పేర్లు మాత్రమే ఏరుకుంటే ఆ ఆట చేజారుతుంది. నవలలోనూ అంతే. జాబితా పూర్తయ్యాక, ఈ వస్తువును రచయిత ఏ స్వరంతో చెప్పాడు, కోపంతోనా, వేళాకోళంగానా, ఊరికే దారిలో ప్రస్తావించాడా అని మరొక గడి గీసుకోవాలి. ఆ గడి ఖాళీగా ఉన్న జాబితా సరుకుల చీటీ.

పార్వతీశం టోపీ ఎవరు చెప్పాలి?

మొక్కపాటి నరసింహశాస్త్రి (1892-1973) 'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వచ్చింది. తరవాతి భాగాలు చాలా ఏళ్ళకు గానీ రాలేదు. మొగల్తూరు కుర్రవాడు బారిష్టరు కావడానికి మద్రాసు మీదుగా ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళే కథ. దారిపొడుగునా అతని తెలియనితనం మనల్ని నవ్విస్తుంది. దొరల దేశం పోతున్నాం కదా అని మద్రాసులో ఒక టోపీ కొంటాడు. అది ఆడవాళ్ళు పెట్టుకునే టోపీ. తెలుగు పాఠకులు వందేళ్ళుగా ఈ టోపీకి నవ్వుతూనే ఉన్నారు.

ఈ నవలకు సాధారణంగా ఇచ్చే కృత్యం 'పార్వతీశం ఓడ మీది నుంచి ఇంటికి రాసిన ఉత్తరాన్ని ఊహించి రాయండి'. బాగుంది. కానీ చాలా ఉత్తరాల్లో విద్యార్థులు టోపీ కథనంతా పూసగుచ్చినట్టు రాసేస్తారు. పార్వతీశం అలా రాస్తాడా? కన్నవారికి ఉత్తరం రాసేటప్పుడు తాను నలుగురిలో నవ్వులపాలైన సంగతి ఎవరు రాస్తారు? నిజానికి ఈ కృత్యంలోని అసలు పని ఏది రాయకూడదో తేల్చుకోవడం. ఉత్తరంలో లేని సంగతులన్నీ నవలలో ఉన్నాయి. అంటే పార్వతీశం ఇంట్లోవాళ్ళకు దాచే విషయాలను పాఠకుడికి చెప్పుకుంటున్నాడు. నవల ఉత్తమ పురుషలో నడవడం వల్ల వచ్చిన ఫలితం ఇది. కథ చెబుతున్న పార్వతీశానికి ఆ టోపీ ఎవరిదో తెలుసు, కొంటున్న పార్వతీశానికి తెలియదు. ముందుగా నవ్వుకున్నది కథకుడే. అతను నవ్వాకే మనకు నవ్వే హక్కు వచ్చింది.

దీన్ని పరీక్షించడానికి ఇంకో కృత్యం చేసి చూడండి. అదే సంఘటనను టోపీ అమ్మిన దుకాణం గుమాస్తా నోట చెప్పించండి. ఒక పేజీ చాలు. రాస్తున్నప్పుడే మీకు ఇబ్బంది మొదలవుతుంది. గుమాస్తా నవ్వితే అది వెక్కిరింత అవుతుంది. పల్లెటూరివాణ్ణి చూసి పట్నంవాడు నవ్వే నవ్వు అవుతుంది. సంఘటన అదే, టోపీ అదే. చెప్పేవాడు మారేసరికి హాస్యం అవమానంగా మారిపోయింది. పరీక్షలో 'ఉత్తమ పురుష కథనం వల్ల ప్రయోజనమేమిటి?' అన్న ప్రశ్నకు పది వాక్యాలు బట్టీ పట్టిన విద్యార్థి కన్నా ఈ పేజీ రాసి చూసిన విద్యార్థికి ఆ సంగతి బాగా తెలుస్తుంది.

అయిజ పాఠకుడికి ఇక్కడ ఇంకొక ప్రశ్న పుడుతుంది. పాలమూరు జిల్లా నుంచి బొంబాయికి, హైదరాబాదుకు, దేశంలో డ్యాములు కట్టిన చోట్లకు తరతరాలుగా మనుషులు పనికి పోయారు. 'పాలమూరు లేబర్' అన్న పేరు అలాగే వచ్చింది. వాళ్ళు కూడా మొదటిసారి రైలెక్కారు, తెలియని భాష విన్నారు, అడ్రసు చేతపట్టుకుని తప్పిపోయారు. వాళ్ళ ప్రయాణాన్ని పార్వతీశం పద్ధతిలో నవ్వుతూ రాయవచ్చా? ఒక విద్యార్థి తన తాత మొదటి బొంబాయి ప్రయాణాన్ని ఈ నవల నమూనాలో రాయబోయాడనుకోండి. రెండు పేరాల తరవాత కలం ఆగుతుంది. పార్వతీశం టోపీ తప్పు కొంటే పోయేది టోపీ డబ్బులు. ఇంగ్లండు దాకా పోవడానికి, అక్కడ చదువుకోవడానికి ఖర్చు భరించగల కుటుంబం అతనిది. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బండెక్కినవాడు దారి తప్పితే పోయేది వేరు. కాబట్టి 'బారిష్టర్ పార్వతీశం'లోని హాస్యం అమాయకత్వం నుంచి మాత్రమే పుట్టలేదు. ఆ అమాయకత్వం వల్ల ప్రాణం మీదికి రాదన్న భరోసా నుంచి కూడా పుట్టింది. నవలను ఇది తక్కువ చేయదు. దాని నవ్వు ఏ నేల మీద నిలబడిందో చూపుతుంది. ఈ మాట చాలా విమర్శ గ్రంథాల్లో కనిపించదు. ఆగిపోయిన ఆ రెండు పేరాల్లో కనిపిస్తుంది.

ఆగిపోవడం కూడా జవాబేనని గుర్తించండి. ఎక్కడ ఆగారో, ఎందుకు ఆగారో రాయండి. లేదా ఆ తాతే కథ చెబుతున్నట్టు, ఆయన మాటల్లో రాసి చూడండి. ముసలివాళ్ళు తమ కష్టం మీద తామే నవ్వుకోగలరు, ఆ నవ్వు మనం కల్పించి పెట్టలేనిది. ఇక్కడే భాష సంగతి వస్తుంది. మీ ఇంట్లో 'ఎక్కడికి' అంటారా, 'యాడికి' అంటారా? అసైన్‌మెంటులో ఏది రాయాలి? దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' నవలలో తెలంగాణ మనుషుల చేత తెలంగాణ మాటే మాట్లాడించారు. తెరమీద ఈ మాటను చాలాకాలం విలన్ల నోట, హాస్యగాళ్ళ నోట మాత్రమే వినిపించారు. మీరు రాసే పేజీలో ఆ మాట కథకుడి నోట ఉంటే, వాడుతున్నది ఎవరిని నవ్వించడానికో ఎవరిని గౌరవించడానికో మీరే తేల్చుకోవాలి. మార్కులు తగ్గుతాయేమో అన్న భయంతో పాత్ర నోట పుస్తక భాష పెడితే, తాత పోయి పార్వతీశమే మళ్ళీ వచ్చి కూర్చుంటాడు.

సంగదాసును బతికిస్తే

'ముగింపు మార్చి రాయండి' అన్నది పిల్లలకు బాగా నచ్చే కృత్యం, అందుకే ఎక్కువ చెడిపోయే కృత్యం. చనిపోయినవాళ్ళందరూ బతుకుతారు, విడిపోయినవాళ్ళు కలుస్తారు, దుర్మార్గుడు పశ్చాత్తాపపడి అన్నదానం చేస్తాడు. ఈ ముగింపుకు ఏ నవలైనా ఒకటే.

'మాలపల్లి'కి ఇంకో పేరు 'సంగవిజయం'. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్ళిన ఉన్నవ అక్కడే రాసిన ఈ నవల 1922లో వెలువడింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది కూడా. ఇందులో రామదాసు కొడుకు సంగదాసు భూస్వామి చౌదరయ్య కోపంతో కొట్టిన దెబ్బకు చనిపోతాడు. చౌదరయ్య కొడుకు రామానాయుడు సంగదాసుకు స్నేహితుడు. ఆ చావు చదివినప్పుడు సంగదాసు బతికి ఉంటే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. సరే, బతికించండి. కానీ ఒక షరతు: ఆ తరవాతి అధ్యాయాలన్నీ తిరగేసి, సంగదాసు బతికి ఉంటే ఏవి నిలుస్తాయో, ఏవి కూలిపోతాయో ముందు రాయండి.

అప్పుడు తెలుస్తుంది. అన్న వెంకటదాసు పట్టిన తిరుగుబాటు దారికి బలమైన కారణం పోతుంది. సంగపీఠం లేచే అవసరం ఉండదు. రామానాయుడు తన తండ్రి చేసిన పనితో బతకవలసిన బాధ తప్పిపోతుంది. నవల పేరులోని 'విజయం' ఎవరిదన్న ప్రశ్నే మిగలదు. నవలాకారుడు నాయకుడిలాంటి పాత్రను కథ సగంలోనే తీసేసి, అతను లేని చోట అతని ప్రభావాన్ని నడిపించాడు. సంవిధానం అన్న మాటకు పాఠ్యపుస్తకంలో ఇచ్చే నిర్వచనం కన్నా, ఒక్క ఇటుక లాగితే గోడ ఎంతవరకు కదిలిందో చూడడమే మంచి నిర్వచనం.

ఇలా చూసిన తరవాత నవల మీద ఫిర్యాదు కూడా చేయవచ్చు. దళితుడు చనిపోతే గాని పైకులాల మనసు కదలని కథను ఎందుకు ఎంచుకున్నారని ఈనాటి పాఠకుడు అడిగితే అది న్యాయమైన ప్రశ్న. సంగదాసు బతికి, వాదించి, ఓడి, మళ్ళీ నిలబడే నవల ఇంకొకటి ఉండవచ్చు. దాన్ని రాయబోయే విద్యార్థి ఉన్నవను సరిదిద్దుతున్నాడు, ఊరికే కన్నీళ్ళు తుడవడం లేదు. ఇలా పాత కథకు కొత్త కథతో జవాబు చెప్పడం మన సాహిత్యంలో ఉన్నదే. ఓల్గా 'విముక్త' కథల్లో సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుసుకుంటుంది. అది కథాసంపుటి, అదే సమయంలో రామాయణంపై విమర్శ. ఇంగ్లీషులో జీన్ రీస్ 1966లో రాసిన 'వైడ్ సర్గాసో సీ' అటువంటిదే. షార్లెట్ బ్రాంటీ 'జేన్ ఐర్' మేడ మీద బంధించి ఉంచిన భార్యకు అందులో సొంత గతం దొరికింది. ఈ ఇద్దరు రచయిత్రులూ మూలాన్ని గట్టిగా చదివినందువల్లనే దానితో పోట్లాడగలిగారు.

పాఠకుడి అనుభవం లేకుండా రచన అర్థం పూర్తికాదని అమెరికా విద్యావేత్త లూయీ రోజెన్‌బ్లాట్ 1938లోనే వాదించారు. ఆమె మాటను 'ఎవరికి తోచింది వారికి సరైనదే' అని అర్థం చేసుకునేవారున్నారు. ఆమె అలా అనలేదు. పాఠకుడు తెచ్చే అనుభవం ఎంత ముఖ్యమో, అతని ఊహ పుస్తకంలోని మాటలకు నిలబడడమూ అంతే ముఖ్యమని ఆమె ఉద్దేశం. తాత ప్రయాణం, అవ్వ చెప్పిన కూలి లెక్క మీరు తెచ్చే అనుభవం. పేజీ నంబరు పుస్తకం వైపు నుంచి రావాలి.

కొన్ని కృత్యాల గురించి క్లుప్తంగా

ముఖచిత్రం గీయడం చిత్రకారులకు సంతోషం, మిగిలినవారికి శిక్ష. నవలలో వర్ణించిన ఒక చోటును ఆధారాలతో పటంగా గీయడం దానికన్నా నయం. మాలవాడకు, చౌదరయ్య ఇంటికి మధ్య దూరం ఎంతో నవలలో వెతికితే కులం గురించి ఒక వ్యాసానికి సరిపడా సామగ్రి దొరుకుతుంది. 'రచయితకు అభినందన లేఖ' వల్ల ప్రయోజనం కనబడదు. 'మీకు నచ్చిన పాత్ర' కన్నా 'మీరు మొదట అపార్థం చేసుకున్న పాత్ర' అని అడగడం మేలు. నవల సారాంశం ఇప్పుడు ఫోనులో నొక్కితే వస్తుంది, కాబట్టి సారాంశం రాయించే కృత్యానికి కాలం చెల్లింది. అయితే టోపీ సంఘటనను గుమాస్తా నోట చెప్పించినప్పుడు మీ చేతికి కలిగే ఇబ్బంది ఏ సారాంశంలోనూ ఉండదు.

మూల్యాంకనం ఎలా అన్నది కౌన్సిలర్లు తరచు అడిగే ప్రశ్న. భాష బాగుంది, ఊహ బాగుంది అని మార్కులు వేయడం సులువు, కానీ అలా వేస్తే గైడే గెలుస్తుంది. కృత్యంతోపాటు ఒక అరపేజీ వివరణ అడగాలి: ఈ మార్పు ఎందుకు చేశాను, నవలలోని ఏ పేజీ నన్ను అలా రాయించింది, రాశాక ఆ పేజీ గురించి నా అభిప్రాయం ఏమైనా మారిందా? మొదటి పేజీలో పాఠకుడి సృజన ఉంటుంది, ఈ అరపేజీలో విమర్శ ఉంటుంది. రెండింటిలో ఒకదానికే మార్కులు వేయవలసి వస్తే అరపేజీకే వేయాలి.

అభ్యాసం

మీ పాఠ్యప్రణాళికలోని నవలనైనా, పైన చెప్పిన వాటిలో ఒకదానినైనా ఎంచుకోండి. అందులో పది వాక్యాలకు మించని ఒక సంఘటనను తీసుకుని, అక్కడ ఉండి కూడా నోరు విప్పని ఒక మనిషి చేత దానిని మీ ఇంటి మాటలో చెప్పించండి. ఒక పేజీ దాటనీయకండి. కింద అరపేజీ వివరణ రాయండి. మధ్యలో కలం ఆగితే ఆగిన చోట గీత గీసి, తేదీ వేసి, కారణం రాసి, తరవాతి కౌన్సిలింగ్ తరగతికి ఆ కాగితాన్ని అలాగే తీసుకురండి.